చేతి సర్క్యులర్ సా: కొత్తగా కొన్నవాళ్లు అడిగే ప్రశ్నలు

మాది రాజమండ్రిలో చెక్కపని. మా నాన్న కాలంలో దూలాలు ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి రంపంతో కోసేవారు. నేను మెషీన్ కాలంవాణ్ణి. ఇక్కడ మెషీన్ అంటే సర్క్యులర్ సా, పళ్లున్న గుండ్రటి బ్లేడు కరెంటుతో తిరుగుతూ చెక్క కోసే చేతి రంపం. పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు, సొంతంగా అలమర చేసుకుందామని మెషీన్ కొన్న ఉద్యోగస్తులు షాపుకి వచ్చి అడిగేవి దాదాపు ఇవే. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

మా కార్పెంటర్ మార్బుల్ కట్టర్‌తోనే చెక్క కోస్తాడు. మళ్లీ సర్క్యులర్ సా ఎందుకండీ?

మన దగ్గర ఇంటీరియర్ పనికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో కనిపించేది నాలుగంగుళాల మార్బుల్ కట్టరే. చవక, తేలిక, బ్లేడు ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా దొరుకుతుంది. నేనూ దాంతోనే పని నేర్చుకున్నాను కాబట్టి వాళ్లని తప్పుపట్టే మొహం నాకు లేదు. కానీ అది రాయి కోయడానికి చేసిన మెషీన్. రాయి కోసే డైమండ్ బ్లేడుకి కోరల్లాంటి పళ్లు ఉండవు, అది రాయిని అరగదీసుకుంటూ పోతుంది. అందుకే దానికి కింద మూసుకునే గార్డు, అంటే బ్లేడుని కప్పే మూత, పెట్టలేదు. అదే మెషీన్‌కి చెక్క బ్లేడు బిగించామనుకోండి, కోత అయిపోయి పైకెత్తాక కూడా పళ్లు బయటే ఉండి తిరుగుతుంటాయి. మీ ప్యాంటు, మీ వైరు, పక్కన కూర్చుని కొలత గీస్తున్న హెల్పర్ చెయ్యి, అన్నీ దానికి అందేంత దూరంలోనే ఉంటాయి.

స్విచ్ కూడా తేడానే. మార్బుల్ కట్టర్ మీద ఉండే బటన్ నొక్కితే మెషీన్ ఆన్‌లోనే ఉండిపోతుంది, వేలు తీసినా ఆగదు. సర్క్యులర్ సా చాలా మోడళ్లలో బటన్ పని దీనికి సరిగ్గా రివర్స్: అది నొక్కితే తప్ప స్విచ్ పనిచెయ్యదు, స్విచ్ మీద వేలు తీశామంటే కరెంటు కట్. చెయ్యి జారి మెషీన్ కింద పడ్డ రోజున ఈ తేడా తెలుస్తుంది. లాక్ చేసిన కట్టర్ నేల మీద తిరుగుతూ పాక్కుంటూ వస్తుంది.

చిన్న బ్లేడు కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. నాలుగంగుళాల కట్టర్ నిమిషానికి సుమారు 12,000 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన పన్ను కొస వేగం గంటకి 250 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఏడుంపావు అంగుళాల సర్క్యులర్ సా 5,000 చుట్లు తిరిగితే పన్ను కొస వేగం 170 పైచిలుకు. చూడ్డానికి పిల్లదానిలా ఉన్నదే ఎక్కువ స్పీడు.

ఉన్నది మార్బుల్ కట్టరే అయితే, కనీసం ఆ లాక్ బటన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. బ్లేడు పూర్తిగా ఆగేదాకా చెక్క మీద నుంచి ఎత్తొద్దు.

గ్రైండర్‌కి చెక్క బ్లేడు వేసుకోవచ్చా?

వద్దు. దానికి చెక్క మీద ఆనే బేస్ ప్లేట్ ఉండదు, కోత లోతుని ఆపేది ఏదీ ఉండదు, గార్డు సగమే. పైగా నాలుగంగుళాల గ్రైండర్ డిస్కు రంధ్రం సాధారణంగా 16 మి.మీ., నాలుగంగుళాల చెక్క బ్లేడుది 20 మి.మీ. ఆ ఖాళీతోనే బిగించేస్తే బ్లేడు మధ్యకి కూర్చోక అదురుతుంది. చెక్కలో పన్ను పట్టుకుంటే గ్రైండర్ చేతిలో నిలవదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ వాదించను, మా షాపులో అలా చేసినవాడు ఆ రోజుకి ఇంటికి వెళ్లిపోతాడు.

మెషీన్ వెనక్కి తన్నుతుంది అంటారు. అసలు ఎందుకు తన్నుతుంది?

ఇది ఒక్కటి అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి.

మెషీన్‌ని పక్కనుంచి చూడండి. బ్లేడు అడుగు పళ్లు ముందుకి పోతాయి, ముందు పళ్లు కింది నుంచి పైకి లేస్తాయి, వెనక పళ్లు పైనుంచి కిందికి దిగుతాయి. కోత సాఫీగా సాగినంతసేపూ మీకు తెలిసేది మోత ఒక్కటే. కానీ కోసిన సందు మూసుకుపోయి రెండువైపులా చెక్క బ్లేడుని నొక్కేసిందనుకోండి, పళ్లు ఇంకా తిరగాలనే చూస్తాయి. అడుగు పళ్లు చెక్కని ముందుకి నెడతాయి, అది కదలదు, కాబట్టి మెషీనే వెనక్కి వస్తుంది. వెనక పళ్లు చెక్కని కిందికి నొక్కుతాయి, అదీ కదలదు, మెషీన్ పైకి లేస్తుంది. రెండూ కలిస్తే మెషీన్ కోతలోంచి ఎగిరి మీ మీదికే, ఆ గీత వెంటే వస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు. పట్టుకుని ఆపుదాం అనేది జరిగే పని కాదు.

మరి సందు ఎందుకు మూసుకుంటుంది? పదింట తొమ్మిదిసార్లు చెక్కని తప్పుగా ఆనించడం వల్ల. మిగతాది గీత తప్పిందని మధ్యలో మెషీన్‌ని మెలిపెట్టి సరిచెయ్యబోవడం, పళ్లు మొద్దుబారిన బ్లేడు, లోపల తడి ఉన్న చెక్క. గీత తప్పితే స్విచ్ వదిలెయ్యండి, బ్లేడు ఆగనివ్వండి, వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి. తిరుగుతున్న బ్లేడుని కోతలో వెనక్కి లాగడం కూడా తన్ను తినే పనే. కోతలో ఆపిన మెషీన్‌ని మళ్లీ ఆన్ చేసేటప్పుడు పళ్లు చెక్కకి తగలకుండా కాస్త ఖాళీ ఉండేలా చూసుకుని, ఫుల్ స్పీడు అందుకున్నాకే ముందుకి నడపండి.

మెషీన్ తన్నబోయే ముందు చాలాసార్లు గొంతు మారుతుంది. కూత కాస్తా మూలుగులోకి దిగుతుంది. ఆ శబ్దం వినగానే ఇంకాస్త గట్టిగా తోస్తాం చూడండి, అందరం చేసే తప్పు అదే. తొయ్యొద్దు, స్విచ్ వదలండి.

ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కణ్ణే కోయాలి. ఎలా ఆనించాలి?

ఎక్కువమంది చేసేది ఇటొక స్టూలు, అటొక స్టూలు వేసి షీటు పరిచి సరిగ్గా మధ్యలో కోయడం. కోత సగానికి వచ్చేసరికి షీటు మధ్యలో కుంగుతుంది. కుంగితే పైఅంచులు రెండూ దగ్గరికి వస్తాయి, బ్లేడు ఇరుక్కుంటుంది. పైన చెప్పిన తన్ను ఇక్కడే పుడుతుంది.

నాకు తెలిసి అన్నిటికన్నా తేలికైన పద్ధతి నేల మీద కోయడం. రెండంగుళాల మందం థర్మోకోల్ షీటు, కాస్త గట్టి రకం, నేల మీద పరిచి దాని మీద ప్లైవుడ్ పెట్టండి. బ్లేడు ప్లై దాటి థర్మోకోల్‌లోకి కొంచెం దిగుతుంది, అంతే. రెండు ముక్కలూ కింద పూర్తిగా ఆని ఉంటాయి కాబట్టి కుంగే ప్రశ్నే లేదు, తెగిన ముక్క పడిపోదు. ఒకే థర్మోకోల్ ఏడాదిపాటు వస్తుంది. థర్మోకోల్ లేదంటే ఒకే మందం ఉన్న నాలుగు వాసం ముక్కలు తీసుకోండి. కోత గీతకి అటు రెండు, ఇటు రెండు, గీతకి సమాంతరంగా పెట్టండి.

పొడవాటి బద్ద చివర కొంచెం ముక్క తీయాలంటే మాత్రం వ్యవహారం వేరు. బద్దని బల్లకి సీ క్లాంపుతో బిగించి, తెగే ముక్కని బల్ల బయటికి గాల్లో ఉంచండి. తెగినది దానంతట అది కింద పడాలి. పక్కన ఉన్నవాళ్లు సాయం చేద్దామని ఆ ముక్కని పట్టుకుని పైకెత్తుతారు. ఎత్తితే సందు మూసుకుంటుంది. హెల్పర్‌కి ముందే చెప్పండి: పడనీ, పట్టుకోకు అని. పెద్ద ముక్కైతే కింద స్టూలు పెట్టుకోవాలి తప్ప మనిషిని నిలబెట్టకూడదు.

గీత తిన్నగా రావాలంటే ప్లాస్టరింగ్ మేస్త్రీలు వాడే అల్యూమినియం బద్ద ఒకటి చాలు. బేస్ ప్లేట్ అంచు నుంచి బ్లేడుకి దూరం ఎంతో ఒక్కసారి కొలిచి మెషీన్ మీదే మార్కర్‌తో రాసుకోండి. గీతకి అంత దూరంలో బద్దని క్లాంపులతో బిగించి, దానికి ఆనించి నడపండి. తిన్నగా పోయే మెషీన్ మెలిక పడదు, మెలిక పడకపోతే తన్నదు.

లోతు ఎంత పెట్టాలి?

చెక్క మందం, దానికి మించి ఒక పన్ను. 18 మి.మీ. ప్లైకి 22 మి.మీ. సరిపోతుంది. ప్లగ్ తీసేసి, గార్డు ఎత్తి, మెషీన్‌ని చెక్క అంచు పక్కన ఆనించి చూడండి, కింద ఒక్క పన్ను తొంగిచూస్తే చాలు. ఎప్పుడూ ఫుల్ లోతులో ఉంచేస్తే చెక్కలో ఇరుక్కునే బ్లేడు భాగం పెరుగుతుంది, అడుగున కనపడకుండా తిరిగే పళ్లూ పెరుగుతాయి. కింద ఏముందో మీకు కనపడదు. మీ వైరే ఉండొచ్చు.

గుమ్మం చట్రం నాలుగు బై రెండున్నర అంగుళాలు ఉంది. నాలుగంగుళాల బ్లేడుతో తెగట్లేదు.

తెగదు. దాని లోతు 34 మి.మీ. చుట్టూ, అంటే అంగుళంపావు పైన కాస్త. అందుకే అటు కొంత ఇటు కొంత తిప్పి కోస్తారు. రెండో వైపు కోసేటప్పుడు రెండు కోతలూ కలిసే చోట ముక్క వదులై బ్లేడు మీద వాలుతుంది. ఏడుంపావు బ్లేడు ఉన్న మెషీన్ దాదాపు 65 మి.మీ. కోస్తుంది, కాబట్టి రెండున్నర అంగుళాలు ఒకే ఊపులో పోతుంది. గుమ్మాలు, వాసాలు కోసే పని ఉన్నవాళ్లు పెద్ద మెషీన్ కొనడానికి వెనకాడొద్దు.

కింది గార్డు గీతకి అడ్డం వస్తోంది. పైకెత్తి తీగతో కట్టేస్తే పర్లేదా?

నా సంగతి చెబుతాను. ఒకసారి ఒక అపార్ట్‌మెంట్‌లో వార్డ్‌రోబ్ పని చేస్తున్నాను. గార్డు నేను కట్టలేదు. కింది గార్డుకీ మెషీన్ పై గార్డుకీ మధ్య సన్నటి ప్లై పీచు ఒకటి, అగ్గిపుల్లంత ఉంటుందేమో, ఇరుక్కుంది. గార్డు పైకి వెళ్లింది, తిరిగి రాలేదు. నేను చూసుకోలేదు. కోత అయింది, అలవాటుగా మెషీన్ నేల మీద పెట్టేశాను. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. మెషీన్ తనంతట తాను లేచి వెనక్కి పరిగెత్తింది, నా కుడికాలి చెప్పు అంచు కోసేసి, తన వైరుని తానే తెంపుకుని ఆగింది. మెరుపొచ్చి ఇంటి ఎంసీబీ పడిపోయింది. కాలికి ఏమీ కాలేదు. ఆ చెప్పు చాలాకాలం షాపులో మేకుకి వేలాడేది.

ఒక్క పీచు ఇరుక్కుంటేనే అంత పని అయితే, కావాలని కట్టేసిన గార్డు సంగతి మీరే ఊహించుకోండి. రోజూ పొద్దున ప్లగ్ పెట్టకముందు గార్డుని వేలితో వెనక్కి లాగి వదలండి, టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా వస్తే స్ప్రింగు చుట్టూ పొట్టు, జిగురు పట్టిందన్నమాట. పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చెయ్యండి. ఏటవాలు కోతలు మొదలుపెట్టేటప్పుడు గార్డు అంచు నిజంగానే చెక్కకి తట్టి ఆగుతుంది. అందుకే దానికి ఒక చిన్న పిడి ఇచ్చారు. దాంతో ఎత్తండి, బ్లేడు చెక్కలోకి దిగగానే వదిలెయ్యండి.

షీటు మధ్యలో సింక్ కోసం కంత తీసేవాళ్లు గార్డు ఎత్తి బ్లేడుని పైనుంచి దింపుతారు. చెయ్యి తిరిగినవాళ్లకే కష్టమైన పని అది. కొత్తవాళ్లు నాలుగు మూలలా డ్రిల్లు వేసి జిగ్‌సాతో, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే మెషీన్‌తో, కోసుకోవడం మేలు.

ఎలా నిలబడాలి? చేతులెక్కడ?

బ్లేడు గీతకి పక్కన నిలబడాలి, ఆ గీత వెనక కాదు. తన్నినా మెషీన్ మీ తొడ పక్కనుంచి పోవాలి. ముందు పిడి ఊరికే ఇవ్వలేదు, రెండు చేతులూ మెషీన్ మీదే ఉంటే బ్లేడుకి దొరకడానికి చెయ్యే మిగలదు. చెక్కని మోకాలితో తొక్కిపెట్టి, ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో కోసే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. రెండు సీ క్లాంపులు కొనుక్కుంటే ఆ అలవాటు పోతుంది.

ఏ బ్లేడు వెయ్యాలి?

టీసీటీ బ్లేడు, అంటే పళ్ల కొసకి టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క అతికించినది. ఏడుంపావు సైజులో నార వెంట పొడవునా చీల్చడానికి 24 పళ్లది, ప్లైకీ అడ్డకోతకీ 40, లామినేట్ పెచ్చులు లేవకూడదంటే 60. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీ మెషీన్ ఆర్‌పీఎం కన్నా తక్కువ ఉండకూడదు. రంధ్రం సైజు కూడా చూసి కొనండి. తేడా ఉంటే బ్లేడుతో ఇచ్చే ఇనుప రింగు వాడాలి, కాగితం చుట్టి బిగించే తెలివితేటలు వద్దు.

మార్చేటప్పుడు ప్లగ్ గోడ సాకెట్ నుంచి తీసి మీ కళ్లెదురుగా పెట్టుకోండి. స్విచ్ ఆపితే సరిపోదు, ఎవరో వచ్చి ఫ్యాన్ అనుకుని వేస్తారు. బోల్టు విప్పేది మామూలుగా పళ్లు తిరిగే వైపుకే, బిగించేది దానికి ఎదురు. బ్లేడు మీద బాణం, గార్డు మీద బాణం ఒకే వైపు చూడాలి. ఉల్టా బిగించిన బ్లేడు కోయదు, పొగలొస్తాయి. మామూలు కోతలో పొగ, కాలిన వాసన, చెక్క అంచు నల్లబడటం కనపడితే పళ్లు మొద్దుబారాయని అర్థం. సాన పట్టించండి, లేదా కొత్తది వెయ్యండి.

లామినేట్ అంటించిన ప్లై, మంచి ముఖం పైకి పెట్టాలా కిందికా?

కిందికి. ముందు పళ్లు కింది నుంచి పైకి వస్తాయి కాబట్టి పెచ్చులు పైముఖం మీదే లేస్తాయి. పైకే పెట్టక తప్పదంటే గీత మీద మాస్కింగ్ టేపు అంటించి కోయండి.

పాత ఇల్లు పడగొట్టిన టేకు కొన్నాను. దీంతో కోయొచ్చా?

కోయొచ్చు, కానీ ముందు మేకులు వెతకాలి. మన పాత గుమ్మాల్లో, దూలాల్లో తల ఊడిపోయిన మేకులు చెక్కలోకి దిగిపోయి ఉంటాయి. పైన రంగు, వార్నిషు పొరలు కప్పేస్తాయి. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి దారానికి కట్టి కోత గీత వెంట లాగండి, మేకున్న చోట అతుక్కుంటుంది. మేకు తగిలితే కార్బైడ్ ముక్క విరిగి ఎగురుతుంది, అది ఎటు పోతుందో చెప్పలేం. పచ్చి తుమ్మ, పచ్చి వేప లాంటివి ఈ మెషీన్‌కి పెట్టొద్దు. కోస్తూండగానే లోపలి బిగువు వదిలి సందు మూసుకుంటుంది.

కరెంటు సంగతి?

1,400 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్ల పైనే లాగుతుంది. కాబట్టి గీజర్, ఏసీ పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టే దీనికి సరైనది. ఎక్స్‌టెన్షన్ వైరు దళసరిది, 1.5 చదరపు మి.మీ.కి తగ్గనిది, దూరం ఎక్కువైతే 2.5 తీసుకోండి. చక్రానికి చుట్టిన వైరైతే మొత్తం విప్పాలి, చుట్ట మీదే వాడితే వేడెక్కి కరుగుతుంది. సైట్లలో ప్లగ్ లేకుండా రెండు తీగలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం నేను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. మెషీన్ కాస్త లాగితే ఆ తీగ ఊడి నేల మీద, తడి మీద పడుతుంది. ప్లగ్ ఖరీదు రెండు టీల ఖరీదుకి కాస్త ఎక్కువ.

ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోండి. ఎంసీబీ వైరింగుని కాపాడుతుంది, షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వైరు ఎప్పుడూ మీ భుజం మీదుగా వెనక్కి వెళ్లాలి, కోత దారిలోకి రాకూడదు.

గ్లౌజులు వేసుకోవాలా?

చెక్క మోసేటప్పుడు వేసుకోండి, మెషీన్ పట్టినప్పుడు తీసెయ్యండి. వదులు గుడ్డ గ్లౌజు పంటికి దొరికితే చేతిని కూడా లోపలికి లాగుతుంది. లుంగీ, మెడలో తువ్వాలు, చున్నీ, ముడి వెయ్యని జుట్టు, చేతి దారాలు అన్నీ ఇదే బాపతు. కాళ్లకి బూట్లు. కళ్లజోడు తప్పనిసరి, మామూలు పవర్ అద్దాలు పక్కల నుంచి కాపాడవు.

చెవుల సంగతి మనవాళ్లెవరూ పట్టించుకోరు. ఈ మెషీన్ మోత 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అమెరికాలో నియోష్ అనే సంస్థ పెట్టిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు పనిచెయ్యొచ్చు, 100 దగ్గర పావుగంటే. మా నాన్న వయసు కార్పెంటర్లతో ఫోన్‌లో మాట్లాడాలంటే అరవాలి, కారణం వయసొక్కటే కాదు.

పొట్టు కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. ముక్కు లోపల వచ్చే క్యాన్సర్ అది. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలక) పొట్టు ఇంకా మెత్తన, అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు వాడండి. తలుపులు మూసిన గదిలో కోయకండి.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు దీన్ని స్కిల్‌సా అంటాడు. వేరే మెషీనా?

ఇదే. 1920ల్లో న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన చెరకు నరికే కత్తికి మోటారు పెట్టబోయి, అక్కణ్ణుంచి చెక్క కోసే చేతి రంపానికి వచ్చాడు. ఆ రంపం చేసి అమ్మిన స్కిల్‌సా కంపెనీ పేరే అక్కడ మెషీన్ పేరైపోయింది, మనం జిరాక్స్ అన్నట్టు.

బ్యాటరీ మెషీన్ సేఫేనా?

వైరు గొడవ ఉండదు, చాలా వాటిలో స్విచ్ వదలగానే బ్లేడుని ఆపే బ్రేకు ఉంటుంది. పళ్లు మాత్రం అవే పళ్లు. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్ తీసినట్టే బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. జనం ఇది మర్చిపోతారు, ఎందుకంటే తీయడానికి ప్లగ్ కనపడదు.

జరగకూడనిది జరిగి వేలు తెగితే?

ముందు రక్తం. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచండి. నొక్కినది నిమిషానికోసారి తీసి చూడొద్దు. పసుపు, కాఫీ పొడి పోయొద్దు, ఆస్పత్రిలో వాటిని కడగడానికే బోలెడు సమయం పోతుంది. 108కి ఫోన్ చెయ్యండి.

వేలు పూర్తిగా తెగి పడితే వెతికి తీసుకోండి, పొట్టులో కలిసిపోయి ఉంటుంది. సెలైన్‌తో గానీ, అది లేకపోతే శుభ్రమైన నీళ్లతో గానీ తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా మూతి కట్టండి. ఆ కవర్ని ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో ఉంచండి. వేలుని నేరుగా ఐసు మీద పెడితే కణాలు చచ్చిపోతాయి, నేరుగా నీళ్లలో వేసినా పాడవుతుంది. దగ్గర్లో తెగిన వేలు అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఎక్కడున్నారో దారిలోనే ఫోన్లు చేసి కనుక్కోండి. చిన్న క్లినిక్‌కి వెళ్లి కుట్లు వేయించుకున్నాక పెద్దాస్పత్రికి పరిగెత్తితే సమయం మించిపోతుంది. మనిషికి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు, ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

మా షాపులో ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో దూది, బ్యాండేజీలతో పాటు రెండు జిప్ కవర్లు, ఒక సెలైన్ సీసా ఉంటాయి. ఆస్పత్రి నంబరు డబ్బా మూత లోపలే అతికించాం.

మూడంగుళాల ముక్క రెండుగా కోయాలి. దీంతో కోయనా?

పట్టుకోవడానికే చోటు లేనిది దీంతో కోయకూడదు. పొడవాటి బద్ద నుంచే కొలత తీసి కోసుకోండి. అప్పటికే ముక్కగా ఉంటే వైస్‌లో బిగించి చేతి రంపంతో కోయండి, రెండు నిమిషాల పని.